డైఇథైల్‌ట్రిప్టమిన్: ఒక కృత్రిమ భ్రాంతిజనకం - చరిత్ర, ఔషధశాస్త్రం, నిలవని పరికల్పన

వ్యాససంగ్రహం:
ట్రిప్టమిన్ వర్గానికి చెందిన భ్రాంతిజనకాలలో డి.ఎం.టి., సిలోసైబిన్ అనే రెండింటికి వచ్చిన ప్రసిద్ధి డైఇథైల్‌ట్రిప్టమిన్‌కు (డి.ఇ.టి.) రాలేదు. 1950వ దశకం మధ్యలో హంగేరీలో మొదలైన పరిశోధనల ద్వారా ఈ కృత్రిమ పదార్థం వెలుగులోకి వచ్చింది. దాని ప్రభావానికి మూలం ఆ అణువేనా, శరీరం దాన్ని మార్చగా పుట్టే మరో పదార్థమా అన్న ప్రశ్న చుట్టూ దాదాపు దశాబ్దకాలం పరిశోధన సాగింది. ఆ ప్రశ్నకు సమాధానంగా వచ్చిన "ఆరవ స్థాన హైడ్రాక్సీకరణ" పరికల్పన తర్వాతి పరీక్షలలో నిలవలేదు. అయితే దాన్ని పరీక్షించడానికి రూపొందిన సాధనాలు నేటికీ ఔషధశాస్త్రానికి ప్రశ్నలు వేస్తూనే ఉన్నాయి. డి.ఇ.టి. నిర్మాణాన్నీ, చరిత్రనూ, క్రియావిధానాన్నీ, చట్టపరమైన స్థితినీ పరిశీలించి, ఆ పరికల్పన ఎలా పుట్టి ఎలా వీగిపోయిందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ట్రిప్టమిన్, డి.ఇ.టి., డి.ఎం.టి., సెరటోనిన్, గ్రాహకం, జీవక్రియ, క్రియాశీల ప్లసీబో, పరిశోధన నైతికత.

1. ఉపోద్ఘాతం

ఒక మందు శరీరంలో ప్రవేశించిన తరువాత రెండు పనులు ఏకకాలంలో జరుగుతాయి. మందు శరీరంపై పనిచేస్తుంది; శరీరం మందుపై పనిచేస్తుంది. మొదటిదాన్ని ఔషధక్రియ అనీ, రెండవదాన్ని జీవక్రియ అనీ అంటారు. కొన్ని మందులు మింగిన రూపంలోనే పనిచేస్తాయి. మరికొన్ని కాలేయంలో మార్పు చెందిన తరువాతే పనికి వస్తాయి. కొడీన్‌లో కొంతభాగం శరీరంలో మార్ఫీన్‌గా మారడం, సిలోసైబిన్ తన ఫాస్ఫేట్ భాగాన్ని కోల్పోయి సిలోసిన్‌గా మారడం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. కనుక కొత్త పదార్థం ఏది ఎదురైనా "పనిచేస్తున్నది ఇదేనా, దీని సంతానమా?" అన్న ప్రశ్న తప్పదు. డి.ఇ.టి. చరిత్ర ప్రధానంగా ఈ ప్రశ్న చరిత్రే.

2. అణునిర్మాణం

ఆహారంలోని ప్రొటీన్ల ద్వారా లభించే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తన కార్బాక్సిల్ భాగాన్ని కోల్పోతే ట్రిప్టమిన్ ఏర్పడుతుంది. ఇందులో రెండు భాగాలున్నాయి. ఒకటి ఇండోల్ అనే జంటవలయం. రెండవది ఆ వలయం మూడవ స్థానం నుంచి వేలాడే రెండు కార్బన్ల గొలుసు. గొలుసు చివర ఒక నైట్రోజన్ ఉంటుంది. ఈ కుటుంబంలోని పదార్థాల మధ్య తేడాలన్నీ సాధారణంగా రెండు చోట్ల కనిపిస్తాయి: వలయం మీద ఏ స్థానంలో ఏమి చేరింది, గొలుసు చివరి నైట్రోజన్‌కు ఏమి తగులుకుంది.

వలయం అయిదవ స్థానంలో హైడ్రాక్సిల్ సమూహం చేరితే అది సెరటోనిన్ అనే నాడీప్రసారకం. నైట్రోజన్‌కు రెండు మిథైల్ సమూహాలు చేరితే డైమిథైల్‌ట్రిప్టమిన్, అంటే డి.ఎం.టి. మిథైల్ సమూహాల స్థానంలో వాటికంటె ఒక్కొక్క కార్బన్ ఎక్కువగల ఇథైల్ సమూహాలు చేరితే డి.ఇ.టి. దీని అణువులో 14 కార్బన్, 20 హైడ్రోజన్, 2 నైట్రోజన్ పరమాణువులున్నాయి. డి.ఎం.టి. అనేక మొక్కలలో సహజంగా లభిస్తుంది. డి.ఇ.టి. మాత్రం ప్రయోగశాలలో తయారైన పదార్థంగానే శాస్త్రానికి పరిచయమైంది.

3. బుడాపెస్ట్ నేపథ్యం

డి.ఎం.టి.ని 1931లో కెనడాకు చెందిన రిచర్డ్ మాన్స్కే తొలిసారి సంశ్లేషించాడు. అప్పుడు దాని మానసిక ప్రభావం ఎవరికీ తెలియదు. 1955లో అమెరికా పరిశోధకులు ఫిష్, జాన్సన్, హార్నింగ్ దక్షిణ అమెరికా ఆదివాసులు నస్యంగా వాడే ఒక చెట్టు గింజలలో దాన్ని గుర్తించారు. ఆ గింజల మత్తుకు కారణం ఏదన్నది అప్పటికి తేలలేదు.

ఆ ప్రశ్నను చేపట్టినవాడు బుడాపెస్ట్‌లో పనిచేస్తున్న వైద్యుడు, రసాయనశాస్త్రవేత్త స్టీఫెన్ స్జారా. ఎల్.ఎస్.డి. వంటి పదార్థాలు కలిగించే తాత్కాలిక స్థితి స్కిజోఫ్రీనియాకు నమూనా కాగలదని మనోవైద్యులు ఆశిస్తున్న కాలమది. మానసిక వ్యాధికి మూలం శరీరంలోనే పుట్టే ఏదో విషపదార్థం కావచ్చుననే ఊహ బలంగా ఉండేది. స్జారా ఎల్.ఎస్.డి. కోసం స్విట్జర్లండ్‌లోని సాండోజ్ సంస్థను అభ్యర్థించాడు. కమ్యూనిస్టు కూటమిలోని దేశానికి దాన్ని పంపడానికి ఆ సంస్థ అంగీకరించలేదు. ఎల్.ఎస్.డి. దొరకని పరిస్థితిలో ఆయన దృష్టి ట్రిప్టమిన్‌ల వైపు మళ్లింది.

స్జారా డి.ఎం.టి.ని తయారు చేసి మొదట నోటిద్వారా తీసుకున్నాడు. ఏ ప్రభావమూ కనిపించలేదు. 1956లో 75 మిల్లీగ్రాములు కండరంలోకి ఎక్కించుకున్నప్పుడు మూడు నాలుగు నిమిషాలలోనే తీవ్రమైన దృశ్యానుభవం మొదలైంది. నోటిద్వారా ఎందుకు పనిచేయలేదన్నదానికి నేడు స్పష్టమైన సమాధానం ఉంది. పేగులలో, కాలేయంలో ఉండే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ అణువును రక్తంలో చేరకముందే చాలావరకు ధ్వంసం చేస్తుంది.

డి.ఎం.టి. పనిచేస్తుందని తేలగానే తరువాతి ప్రశ్న సహజంగానే వచ్చింది: మిథైల్ సమూహాలు అనివార్యమా? నైట్రోజన్‌కు తగులుకున్న భాగాన్ని పెంచితే ఏమవుతుంది? డి.ఇ.టి. ఈ ప్రశ్నకు ప్రయోగరూపం. స్జారా తన స్వీయప్రయోగాలలో ట్రిప్టమిన్ ఉత్పన్నాలను మెస్కలిన్‌తోనూ, ఎల్.ఎస్.డి.తోనూ పోల్చి, ఆ ఫలితాలను 1957లో మిలాన్‌లో జరిగిన మనోప్రభావక ఔషధాల సదస్సులో వెల్లడించాడు. అప్పటికే హంగేరీ విప్లవం అణచివేతకు గురైంది. స్జారా దేశం విడిచి అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో చేరాడు.

4. మనుషులపై డి.ఇ.టి. ప్రభావం

స్జారా వెళ్లిన తరువాత కూడా హంగేరీలో డి.ఇ.టి. పరిశోధన ఆగలేదు. మనోవైద్యుడు జోల్తాన్ బోసోర్మేని, ఆయన సహచరులు ఆరోగ్యవంతులలోనూ, మనోరోగులలోనూ దాని ప్రభావాన్ని పరిశీలించి 1959లో ప్రచురించారు. ఈ పరిశీలనలలో డి.ఇ.టి.కి డి.ఎం.టి.తో పోలికతోపాటు ముఖ్యమైన భేదాలు కూడా కనిపించాయి. కండరంలోకి ఇచ్చిన డి.ఎం.టి. ప్రభావం నిమిషాలలో మొదలై గంటలోపు ముగుస్తుంది. డి.ఇ.టి. ప్రభావం సుమారు పావుగంటకు మొదలై రెండు మూడు గంటలు కొనసాగుతుంది. దృశ్యభ్రాంతులు, కాలస్పృహలో మార్పు, భావోద్వేగాల ఉధృతి రెండింటికీ సాధారణం. ఆరంభం నెమ్మదిగా ఉండడం వల్ల వైద్యుడు డి.ఇ.టి. తీసుకున్న వ్యక్తితో మాట్లాడుతూ పరిశీలించడానికి వీలు చిక్కింది.

శారీరక లక్షణాలను కూడా గమనించవలసి ఉంది. కనుపాపలు విప్పారడం, రక్తపోటు పెరగడం, వణుకు, వికారం, తల తిరగడం వంటివి కనిపిస్తాయి. ఆందోళన, భయం కలగడం అరుదు కాదు. సెరటోనిన్ వ్యవస్థపై పనిచేసే ఇతర మందులతో, ప్రత్యేకించి మోనోఅమైన్ ఆక్సిడేజ్‌ను నిరోధించే మందులతో ట్రిప్టమిన్‌లు కలిస్తే ప్రాణాపాయం కలగవచ్చు.

అనుభవం ముగిసిన తరువాత కొందరిలో చిత్రించాలన్న, రాయాలన్న తపన కలగడాన్ని బోసోర్మేని గమనించి 1960లో ప్రత్యేకంగా చర్చించాడు. "నమూనా వ్యాధి" అన్న దృష్టితో మొదలైన పరిశోధనకు ఇది ఇమడని అంశం. వ్యాధిని అనుకరించే పదార్థం సృజనను ఎందుకు కదిలిస్తున్నదన్న ప్రశ్న ఆ నమూనా పరిమితిని సూచించింది.

5. ఆరవ స్థానం: స్జారా పరికల్పన

అమెరికాలో స్జారాకు జీవరసాయనశాస్త్రవేత్త జూలియస్ ఆక్సెల్‌రాడ్ తోడు దొరికింది. కాలేయంలోని ఎంజైములు డి.ఎం.టి.ని ఎలా మారుస్తాయో వారిద్దరూ పరిశీలించి 1959లో ప్రకటించారు. వారు గుర్తించిన మార్పులలో ప్రధానమైనది ఇండోల్ వలయం ఆరవ స్థానంలో హైడ్రాక్సిల్ సమూహం చేరడం. డి.ఇ.టి. విషయంలోనూ ఇదే మార్పు కనిపించింది.

ఇక్కడే పరికల్పన రూపుదిద్దుకుంది. డి.ఇ.టి. స్వయంగా భ్రాంతిజనకం కాదనీ, శరీరంలో ఏర్పడే 6-హైడ్రాక్సీ డి.ఇ.టి.యే అసలు క్రియాశీల పదార్థమనీ స్జారా ప్రతిపాదించాడు. ఈ ఊహకు బలమైన ఆధారాలే ఉన్నాయి. ఒకటి, ఆరవ స్థానంలో మార్పు జంతువులలోనూ, మనుషులలోనూ జరుగుతున్నది. రెండు, మూత్రంలో ఈ పదార్థం ఎక్కువగా విసర్జించినవారిలో మానసిక ప్రభావం కూడా తీవ్రంగా ఉన్నట్లు స్జారా బృందం పరిశీలనలు సూచించాయి. పైగా సెరటోనిన్, సిలోసిన్ రెండూ వలయంపై హైడ్రాక్సిల్ గలవే. 1958లో ఆల్బర్ట్ హాఫ్‌మన్ పుట్టగొడుగుల నుంచి సిలోసైబిన్‌ను వేరుచేసిన తరువాత ఈ పోలిక మరింత ఆకర్షణీయమైంది.

ఈ పరికల్పనకు మరొక ఫలితం కూడా ఉంది. ఒకే మోతాదు వేర్వేరు వ్యక్తులపై వేర్వేరుగా ఎందుకు పనిచేస్తుందో అది వివరించగలదు. హైడ్రాక్సీకరణ వేగంగా జరిగేవారిలో ప్రభావం ఎక్కువ. నెమ్మదిగా జరిగేవారిలో తక్కువ. ఇది నిజమైతే మనోవ్యాధికి గురయ్యే స్వభావాన్ని ఒక ఎంజైము చురుకుదనంతో కొలిచే అవకాశం కూడా ఉండేది. ఆ ఆశ వల్లనే ఈ సాంకేతికప్రశ్నకు అంత ప్రాధాన్యం లభించింది.

6. పరికల్పనకు పరీక్షలు

6.1. సూటి పరీక్ష

పరికల్పన నిజమైతే 6-హైడ్రాక్సీ రూపాన్ని నేరుగా ఇచ్చినప్పుడు అది మాతృపదార్థంతో సమానంగానో, అంతకంటె ఎక్కువగానో పనిచేయాలి. అమెరికాలోని లెక్సింగ్టన్ వ్యసన పరిశోధన కేంద్రంలో రోజెన్‌బర్గ్, ఇస్బెల్, మైనర్ డి.ఎం.టి.ని, దాని 6-హైడ్రాక్సీ రూపాన్ని, ప్లసీబోను పోల్చి 1963లో ఫలితాలు ప్రకటించారు. డి.ఎం.టి. ప్రభావం స్పష్టంగా కనిపించింది. 6-హైడ్రాక్సీ రూపానికీ, ప్లసీబోకూ చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఇది పరికల్పనకు గట్టి దెబ్బ. అయినా తర్కరీత్యా ఒక సందు మిగిలింది. హైడ్రాక్సిల్ చేరిన అణువుకు నీటితో సాన్నిహిత్యం పెరుగుతుంది. బయటి నుంచి ఇచ్చినప్పుడు అది రక్తం నుంచి మెదడులోకి చేరకపోవచ్చు. మెదడులోనే ఏర్పడిన హైడ్రాక్సీ పదార్థం మాత్రం పనిచేయవచ్చు. పైగా ఈ పరీక్ష జరిగింది డి.ఎం.టి.తో, డి.ఇ.టి.తో కాదు.

6.2. ఎదురు పరీక్ష: ఫ్లోరిన్ అడ్డుగోడ

ఈ సందును మూయాలంటే ప్రశ్నను తిరగవేయాలి. ఆరవ స్థానంలో హైడ్రాక్సిల్ చేరకుండా ముందే అడ్డుపడితే ఏమవుతుంది? కార్బన్, ఫ్లోరిన్‌ల బంధం చాలా బలమైనది. ఫ్లోరిన్ పరిమాణం హైడ్రోజన్ కంటె మరీ పెద్దదేమీ కాదు. కాబట్టి ఆరవ స్థానంలో ఫ్లోరిన్‌ను కూర్చితే అణువు రూపం పెద్దగా మారదు. ఎంజైముకు మాత్రం దారి మూసుకుపోతుంది. ఈ ఆలోచనతో కాలిర్, స్జారా 6-ఫ్లోరో డి.ఇ.టి.ని తయారు చేసి 1963లో వివరించారు.

మద్యవ్యసనానికి చికిత్స పొందుతున్న రోగులపై ఫైలేస్, వూర్లెకిస్, స్జారా జరిపిన పరిశీలన 1967లో వెలువడింది. 6-ఫ్లోరో డి.ఇ.టి. శారీరక లక్షణాలను కలిగించింది గాని, భ్రాంతులను కలిగించలేదు. పరికల్పన చెప్పినట్లే జరిగినట్లు కనిపించింది. పైగా దీనివల్ల ఒక ఉపయోగకరమైన సాధనం చేతికందింది. భ్రాంతిజనకాల పరిశోధనలో మామూలు ప్లసీబో నిలవదు. ఏమీ జరగకపోతే తనకిచ్చింది ఉత్తుత్తి మందేనని రోగికి వెంటనే తెలిసిపోతుంది. శరీరంలో మార్పులు కలిగిస్తూ మనస్సును మార్చని పదార్థం ఉంటే ఆ చిక్కు తగ్గుతుంది. 6-ఫ్లోరో డి.ఇ.టి.ని అటువంటి "క్రియాశీల ప్లసీబో"గా పరిగణించారు. సిలోసైబిన్‌తో నేడు జరుగుతున్న చికిత్సాప్రయోగాలను కూడా ఇదే సమస్య వేధిస్తున్నది.

6.3. ఒకే ఫలితం, రెండు వివరణలు

సూటి పరీక్ష పరికల్పనను కాదన్నది. ఎదురు పరీక్ష దాన్ని సమర్థిస్తున్నట్లు కనిపించింది. ఈ వైరుధ్యానికి మూలం ఎదురు పరీక్షలో దాగిన ఒక ఊహ. ఫ్లోరిన్ చేసే పని ఎంజైమును అడ్డుకోవడం ఒక్కటేనని ఆ పరీక్ష అనుకుంటుంది. కాని ఫ్లోరిన్ ఎలక్ట్రాన్లను తనవైపు బలంగా లాగుకుంటుంది. దానివల్ల వలయం స్వభావమే మారి, అణువు తన గ్రాహకాలకు అతుక్కునే తీరు కూడా మారవచ్చు. అప్పుడు భ్రాంతులు మాయమైనందుకు కారణం జీవక్రియ ఆగడం కాక, ఔషధక్రియ మారడం కావచ్చు.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో డేవిడ్ నికోల్స్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధన ఈ అనుమానాన్నే పరీక్షించింది. డి.ఇ.టి., సిలోసిన్, 5-మిథాక్సీ డి.ఎం.టి. అనే మూడు పదార్థాల ఫ్లోరిన్ రూపాలను తయారు చేసి, ఎల్.ఎస్.డి.ని గుర్తుపట్టేలా శిక్షణ పొందిన ఎలుకలపై ప్రయోగించారు. ఫ్లోరిన్ చేరిన రూపాలన్నింటిలోనూ భ్రాంతిజనక స్వభావం తగ్గింది లేదా పోయింది. వాటిలో 5-మిథాక్సీ డి.ఎం.టి. నాలుగవ స్థానంలో ఫ్లోరిన్ చేర్చిన రూపం కూడా ఉంది. ఆరవ స్థానాన్ని మూయకుండానే క్రియ తగ్గగలదని దీనివల్ల తెలుస్తున్నది. అందుచేత 6-ఫ్లోరో డి.ఇ.టి. నిష్క్రియతను ఆరవ స్థాన పరికల్పనకు నిదర్శనంగా చూపడం కుదరదు.

7. గ్రాహకాల స్థాయిలో నేటి అవగాహన

మెదడులో సెరటోనిన్‌కు పలు రకాల గ్రాహకాలున్నాయి. భ్రాంతిజనకాల ప్రభావానికి ప్రధానద్వారం 5-హెచ్.టి.2ఎ అనే గ్రాహకమని 1980వ దశకం నుంచి ఆధారాలు పోగవుతూ వచ్చాయి. మనుషులలో ఒక భ్రాంతిజనకం ఎంత శక్తిమంతమో, ఈ వర్గపు గ్రాహకంతో దాని బంధం ఎంత బలమైనదో దాదాపు ఒకే వరుసలో ఉన్నట్లు గ్లెన్నన్, టైటెలర్, మెకెన్నీ 1984లో చూపారు. ఆ గ్రాహకాన్ని మూసే కెటాన్సెరిన్ ముందుగా ఇస్తే సిలోసైబిన్ మానసిక ప్రభావం ఆగిపోతుందని వోలెన్‌వైడర్ బృందం 1998లో మనుషులలో నిరూపించింది. ఈ దృష్టిలో డి.ఇ.టి. క్రియకు 6-హైడ్రాక్సీ సంతానం అవసరం లేదు. మాతృపదార్థమే గ్రాహకాన్ని ప్రేరేపించగలదు.

అయితే కథ ఇక్కడితో ముగియలేదు. పైన పేర్కొన్న 2000 నాటి పరిశోధనలోనే ఒక చిక్కు ఎదురైంది. ఫ్లోరిన్ చేరడం వల్ల 5-హెచ్.టి.2ఎ గ్రాహకంతో బంధంలో గాని, దాన్ని ప్రేరేపించే సామర్థ్యంలో గాని సాధారణంగా పెద్ద మార్పు రాలేదు. ఒక్క పదార్థంలో తప్ప మిగిలినవాటిలో తగ్గింది 5-హెచ్.టి.1ఎ అనే మరో గ్రాహకంతో బంధం. అందువల్ల ట్రిప్టమిన్‌ల ప్రభావంలో ఈ రెండవ గ్రాహకానికి కూడా పాత్ర ఉండవచ్చునని ఆ పరిశోధకులు సూచించారు. ఒక గ్రాహకాన్ని ప్రేరేపించినంత మాత్రాన భ్రాంతులు కలగనవసరం లేదనడానికి లైసురైడ్ అనే మందు మరొక సాక్ష్యం. అది 5-హెచ్.టి.2ఎ గ్రాహకాన్ని ప్రేరేపిస్తుంది గాని, సాధారణ చికిత్సామోతాదులో ఎల్.ఎస్.డి. వంటి ప్రభావాన్ని కలిగించదు.

8. నాలుగవ స్థానం: శిలీంధ్రాల సాక్ష్యం

హైడ్రాక్సిల్ సమూహానికి ప్రాముఖ్యం ఉందన్న స్జారా ఊహలో సత్యాంశం లేకపోలేదు. అయితే ఆ ప్రాముఖ్యం ఆరవ స్థానానిది కాదు. సిలోసిన్‌లో హైడ్రాక్సిల్ ఉండేది నాలుగవ స్థానంలో. అక్కడ అది గొలుసు చివరి నైట్రోజన్‌కు దగ్గరగా ఉండి దానితో హైడ్రోజన్ బంధం ఏర్పరచుకోగలదు. ఈ అంతర్గత బంధం వల్ల అణువు కొవ్వుపొరలను దాటి మెదడును చేరడం సులభమవుతుందని భావిస్తారు. ఆరవ స్థానంలోని హైడ్రాక్సిల్‌కు ఆ అవకాశం లేదు; నైట్రోజన్ దానికి అందనంత దూరం.

డి.ఇ.టి.కి నాలుగవ స్థానంలో హైడ్రాక్సిల్ గల రూపాన్ని సాండోజ్ సంస్థ తయారు చేసింది. సి.జెడ్.-74 అన్న సంకేతనామంతో అది జర్మనీలో హాన్స్‌కార్ల్ లాయ్నర్ మనోచికిత్సాపరిశోధనలో చోటుచేసుకుంది. 1989లో లైప్‌జిగ్‌కు చెందిన యోహెన్ గార్ట్స్ మరొక అపురూపమైన ఫలితాన్ని ప్రకటించాడు. సిలోసైబి క్యూబెన్సిస్ అనే పుట్టగొడుగు పెరిగే మాధ్యమంలో డి.ఇ.టి.ని కలిపితే, ఆ శిలీంధ్రం దాన్ని గ్రహించి నాలుగవ స్థానంలో హైడ్రాక్సిల్ చేర్చింది. ఎండిన పుట్టగొడుగులో ఈ కొత్త పదార్థం 3.3 శాతం వరకు కనిపించింది. ప్రకృతిలో ఎన్నడూ ఎదురుపడని అణువును కూడా శిలీంధ్రపు ఎంజైము తన సహజపదార్థంలాగే స్వీకరించిందన్నమాట. మనిషి కాలేయం ఆరవ స్థానాన్ని ఎంచుకుంటే, శిలీంధ్రం నాలుగవ స్థానాన్ని ఎంచుకుంటుంది. మొదటిది పదార్థాన్ని వదిలించుకునే మార్గం. రెండవది సిలోసిన్ వర్గపు పదార్థాన్ని నిర్మించే మార్గం.

9. నైతికత, చట్టం

పైన వివరించిన జ్ఞానం ఎవరి శరీరాల ద్వారా లభించిందో విస్మరించరాదు. స్జారా మొదట తనపైనే ప్రయోగించుకున్నాడు. ఆ తరువాత మనోరోగులు, మద్యవ్యసనపీడితులు ప్రయోగాలకు పాత్రులయ్యారు. లెక్సింగ్టన్‌లో పాల్గొన్నవారు మాదకద్రవ్య వ్యసన చరిత్రగల ఖైదీలు. అక్కడి ప్రయోగాలలో పాల్గొన్నందుకు వారికి మాదకద్రవ్యాలనే ప్రతిఫలంగా ఇచ్చిన సంగతి 1975లో అమెరికా సెనేట్ విచారణలలో చర్చకు వచ్చింది. వ్యసనపరుడికి అతని వ్యసనాన్నే ప్రతిఫలంగా చూపి పొందిన అంగీకారం స్వేచ్ఛాపూర్వకమని చెప్పలేము. పరికల్పనను పరీక్షించిన తొలి నిర్ణాయక ఫలితం అటువంటి చోట నుంచి వచ్చిందన్న వాస్తవం ఆ ఫలితాన్ని అసత్యం చేయదు. దాన్ని పొందిన పద్ధతిని సమర్థించదు కూడా. మానవప్రయోగాలపై హెల్సింకీ ప్రకటన వెలువడింది 1964లో, అంటే ఆ ఫలితాలు ప్రచురితమైన మరుసటి ఏడాది.

1971లో వియన్నాలో కుదిరిన మనోప్రభావక పదార్థాల అంతర్జాతీయ ఒప్పందం డి.ఇ.టి.ని మొదటి షెడ్యూలులో, అంటే అత్యంత కఠినమైన నియంత్రణలో చేర్చింది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాలు, మనోప్రభావక పదార్థాల చట్టం షెడ్యూలులోనూ ఇది ఉంది. వైద్య, శాస్త్రీయ ప్రయోజనాలకు నిబంధనలకు లోబడి మినహాయింపు ఇవ్వడానికి ఆ చట్టం 8వ సెక్షన్ అవకాశం కల్పిస్తున్నది. అంతకుమించి దీన్ని తయారు చేయడం, కలిగి ఉండడం, వాడడం శిక్షార్హం. వైద్యంలో దీనికి ఆమోదిత ఉపయోగం లేదు. సిలోసైబిన్‌పై ఇటీవలి దశాబ్దాలలో తిరిగి మొదలైన పరిశోధన డి.ఇ.టి.ని అంతగా తాకలేదు. అందువల్ల మనుషులలో దాని ప్రభావం గురించిన సమాచారం ఎక్కువగా 1950, 60 దశకాలకు చెందినదే. నేటి ప్రమాణాలతో చూస్తే ఆ సమాచారం స్వల్పం.

10. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. నైట్రోజన్‌కు తగులుకున్న మిథైల్ సమూహాలు భ్రాంతిజనక స్వభావానికి అనివార్యం కావని డి.ఇ.టి. నిరూపించింది. ఇథైల్ సమూహాలతో ఆ స్వభావం నిలిచింది; ప్రభావం మొదలయ్యే వేగం, కొనసాగే కాలం మారాయి.

2. శరీరం ఒక పదార్థాన్ని మార్చడం, ఆ మార్పు పరిమాణం ప్రభావ తీవ్రతతో కలిసి పెరగడం అనే రెండూ నిజమైనా, ఆ మార్పే ప్రభావానికి కారణమని తేలదు. మాతృపదార్థం ఎక్కువగా అందినవారిలో రెండూ ఎక్కువగానే కనిపించవచ్చు.

3. 6-ఫ్లోరో డి.ఇ.టి. ఫలితం ఒక పరికల్పనకు సరిపోయినంత మాత్రాన దానికి మాత్రమే నిదర్శనం కాలేదు. అదే ఫలితానికి మరో వివరణ సాధ్యమా అని అడగడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది.

4. పరికల్పన వీగిపోయినా దానికోసం తయారైన అణువు వ్యర్థం కాలేదు. 5-హెచ్.టి.2ఎ గ్రాహకాన్ని ప్రేరేపించే పదార్థాలన్నీ భ్రాంతులను ఎందుకు కలిగించవన్న ప్రశ్నకు 6-ఫ్లోరో డి.ఇ.టి. నేటికీ ఒక ముఖ్యమైన ఆధారం. భ్రాంతులు లేకుండా చికిత్సాగుణం మాత్రమే గల మందుల కోసం అన్వేషణ సాగుతున్న ప్రస్తుత సమయంలో ఈ ప్రశ్నకు సమాధానం అవసరం మరింత పెరిగింది.